పాత జీపుకు నేటి పెట్రోలు: ఏ మార్పు ముందు, ఏది తర్వాత?

తాతగారి కాలం నాటి పెట్రోలు జీపును మళ్లీ రోడ్డెక్కించాలని చాలా మందికి ముచ్చట ఉంటుంది. రంగు, సీట్లు, టైర్ల మీద లక్షల రూపాయలు ఖర్చు చేసే వారు కూడా పైకి కనిపించని రెండు వ్యవస్థలను చివరికి వాయిదా వేస్తారు. ఒకటి విద్యుత్ వైరింగ్, రెండోది పెట్రోలు ప్రయాణించే దారి. నిజానికి పాత వాహనానికి అతి పెద్ద ముప్పు ఈ రెండింటి కలయికలోనే ఉంది. విల్లీస్ తరహా జీపులలో పెట్రోలు ట్యాంకు ఉండేది డ్రైవరు సీటు కిందే. ఎండిపోయిన రబ్బరు గొట్టం నుంచి కారే నాలుగు చుక్కలకు, తొడుగు ఊడిన ఒక తీగ నుంచి వచ్చే నిప్పురవ్వ తోడైతే జరిగే నష్టానికి కొత్త రంగు అడ్డుపడదు.

దేశవ్యాప్తంగా బంకులలో 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు సాధారణమైన తరుణంలో ఈ విషయానికి ప్రాధాన్యం మరింత పెరిగింది. ఏ మార్పులు తప్పనిసరి, ఏవి ఐచ్ఛికం, వాటిని ఏ వరుసలో చేయాలి అన్నది పరిశీలిద్దాం.

జీపులో ఉన్నది ఏమిటి?

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలోనే మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల కూర్పును మన దేశంలో ప్రారంభించింది. 1953లో అమెరికాలో వచ్చిన సీజే-3బీ నమూనా ఇక్కడ దశాబ్దాల పాటు తయారైంది. ఎత్తయిన బానెట్ దాని గుర్తు. అందులోని సుమారు 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఇన్‌టేక్ వాల్వులు పైన హెడ్‌లోనూ, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులోనూ ఉంటాయి. ఇంజిన్ ఎత్తు పెరగడం వల్లే బానెట్‌ను పైకి లేపవలసి వచ్చింది. కాలక్రమంలో చాలా జీపులకు డీజిల్ ఇంజిన్లు ఎక్కించారు. ఇక్కడ చెబుతున్నది ఇంకా పెట్రోలు ఇంజిన్‌తోనే ఉన్న వాటి గురించి.

ఈ తరం తొలి జీపులు ఆరు వోల్టుల బ్యాటరీతో, డైనమోతో, కార్బ్యురేటర్‌తో, ఇంజిన్ కదలికతో పనిచేసే డయాఫ్రం పంపుతో వచ్చాయి. ఫ్యూజుల రక్షణ నామమాత్రం. ఇథనాల్ అన్న మాట వాటి తయారీదారుల ఆలోచనలోనే లేదు.

మొదటి పని: నిప్పు భయం తొలగించడం

సామర్థ్యం పెంచే మార్పులకు ముందు రక్షణ పనులు పూర్తి కావాలి. బండి స్టార్ట్ అవుతోంది కదా అని వీటిని దాటవేయడం తగదు.

పెట్రోలు గొట్టాలన్నింటినీ మార్చాలి. పాత సహజ రబ్బరు గొట్టాలు ఇథనాల్ తగిలితే ఉబ్బి, మెత్తబడి, చివరకు పగులుతాయి. లోపలి పొరలో వైటాన్ వంటి ఫ్లోరిన్ రబ్బరు ఉన్న గొట్టాలు ఇథనాల్‌ను తట్టుకుంటాయి. పంపులోని డయాఫ్రం, కార్బ్యురేటర్ గ్యాస్కెట్లు కూడా ఇథనాల్‌కు పనికివచ్చే రకానివే వేయాలి. డయాఫ్రం చిరిగితే పెట్రోలు బయటకు కారడమే కాదు, ఇంజిన్ లోపలికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పుల్ల తీసి చూసినప్పుడు మట్టం పెరిగినట్లు కనిపించినా, పెట్రోలు వాసన వచ్చినా అదే కారణం కావచ్చు.

బ్యాటరీ నుంచి బయలుదేరే సరఫరాకు ఒక కటాఫ్ స్విచ్ అమర్చాలి. సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావుపాటి కేబుల్ మినహా ప్రతి సర్క్యూట్‌కూ ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు విలువను బల్బును బట్టి మాత్రమే కాక తీగ మోయగల కరెంటును బట్టి నిర్ణయించాలి. తీగ కాలడానికి ముందే ఫ్యూజు పోవాలన్నది సూత్రం. గుడ్డ చుట్టిన పాత తీగల తొడుగు ముట్టుకుంటే రాలిపోతోందంటే ముక్కలు అతికించి లాభం లేదు. మొత్తం వైరింగ్ మార్చడమే మార్గం. రేకులో రంధ్రం గుండా తీగ వెళ్లే ప్రతిచోటా రబ్బరు తొడుగు ఉండాలి. పెట్రోలు గొట్టం, తీగల కట్ట ఒకే క్లిప్పు కింద ఉండకూడదు.

ఆరు వోల్టుల నుంచి పన్నెండుకు

ఆరు వోల్టుల వ్యవస్థ చెడ్డది కాదు. దానికి లావు తీగలు, శుభ్రమైన కనెక్షన్లు కావాలి, అంతే. కష్టమంతా లెక్కలో ఉంది. ఒక్కొక్కటి 45 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలగాలంటే ఆరు వోల్టుల వద్ద 15 ఆంపియర్లు కావాలి. పన్నెండు వోల్టుల వద్ద 7.5 చాలు. తుప్పు పట్టిన కనెక్షన్లలో అర వోల్టు నష్టమైతే ఆరు వోల్టుల బండిలో అది 8 శాతం. బల్బు వెలుగు వోల్టేజీ కంటే చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి ఆ కాస్త నష్టంతోనే సుమారు పావు వంతు వెలుతురు పోతుంది. అదే తీగలో పన్నెండు వోల్టుల వద్ద కరెంటు సగమవుతుంది, నష్టం పావు వోల్టుకు తగ్గుతుంది. శాతంలో చూస్తే అది రెండే.

పన్నెండుకు మారాలంటే బ్యాటరీ ఒక్కటే మారిస్తే సరిపోదు. అన్ని బల్బులు, ఇగ్నిషన్ కాయిల్, హారన్, ఇండికేటర్ ఫ్లాషర్ మార్చాలి. పెట్రోలు మీటరుకు వోల్టేజీ తగ్గించే పరికరం పెట్టాలి. ఆరు వోల్టుల సెల్ఫ్ మోటారు పన్నెండు మీద కూడా తిరుగుతుందని చాలా మంది అలాగే వదిలేస్తారు. అది మరింత వేగంగా తిరిగి ఫ్లైవీల్ పళ్లను బలంగా కొడుతుంది. సరైన మోటారు వేయడం లేదా ఉన్నదాన్ని పన్నెండు వోల్టులకు మళ్లీ చుట్టించడం మేలు.

ఇందులో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఎర్త్ కనెక్షన్. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. ఛాసిస్‌కూ దానికీ మధ్య రాగి పట్టీ లేకపోతే సెల్ఫ్ మోటారు లాగే వందల ఆంపియర్లు యాక్సిలరేటర్ కేబుల్ వంటి అడ్డదారులు వెతుక్కుంటాయి. దీనిని మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చు. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్‌కు, ఇంజిన్ బ్లాకుకు మధ్య 0.2 లేదా 0.3 వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ బాగు చేయాలి. సగం రోగాలు ఇక్కడే నయమవుతాయి.

డైనమో స్థానంలో ఆల్టర్నేటర్

డైనమో నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఉత్పత్తి చేయదు. ట్రాఫిక్‌లోనో, కొండదారిలో మొదటి గేరులోనో లైట్లన్నీ బ్యాటరీ మీదే నడుస్తాయి. ఆల్టర్నేటర్ తక్కువ వేగంలోనూ చెప్పుకోదగ్గ కరెంటు ఇస్తుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. తొలి ల్యాండ్‌రోవర్ల వంటి బ్రిటిష్ వాహనాలలో బ్యాటరీ పాజిటివ్‌ను ఛాసిస్‌కు కలిపేవారు. ఆ అమరికను గమనించకుండా నేటి ఆల్టర్నేటర్ బిగిస్తే అందులోని డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. రెండోది డ్యాష్‌బోర్డులోని అమ్మీటర్. పాత జీపులలో కరెంటు దాని గుండానే ప్రవహిస్తుంది. 30 ఆంపియర్ల మీటరు గుండా 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌ను కలిపితే డ్యాష్‌బోర్డు వెనకే నిప్పు రాజుకోవచ్చు. అమ్మీటర్‌ను పక్కకు తప్పించి వోల్ట్‌మీటర్ పెట్టుకోవడం సురక్షితం. హెడ్‌లైట్లను రిలేల ద్వారా వెలిగిస్తే పాత స్విచ్ మీద భారం తగ్గుతుంది.

ఇథనాల్ చేసే పని

విద్యుత్ పని పూర్తయ్యాక ఇంధనం విషయానికి రావాలి. 2023 ఫిబ్రవరిలో ఈ20 పెట్రోలు అమ్మకం లాంఛనంగా మొదలైంది. 20 శాతం మిశ్రమ లక్ష్యాన్ని కేంద్రం 2030 నుంచి 2025కు ముందుకు జరిపింది. చమురు దిగుమతుల భారం తగ్గడం, చెరకు, ధాన్యం రైతులకు గిరాకీ పెరగడం దీని వెనుక ఉన్న ఉద్దేశాలు. కొన్ని పాత వాహనాలలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చని పెట్రోలియం శాఖ కూడా అంగీకరించింది.

ఇథనాల్‌కు మూడు గుణాలు ఉన్నాయి. మొదటిది, మంచి ద్రావణి కావడం. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని, తుప్పును కదిలించి ఫిల్టరుకు, కార్బ్యురేటర్ జెట్లకు చేరుస్తుంది. అందుకే ట్యాంకును దించి, కడిగించి, లోపల తుప్పు తొలగించిన తర్వాతే ఈ20 పోయాలి. తొలి రెండు మూడు ట్యాంకులు అయ్యేలోపు ఫిల్టరు మార్చాలి.

రెండోది, తేమను పీల్చుకోవడం. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. నీరు హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజిన్ మొదట పీల్చేది ఆ అడుగు ద్రవాన్నే. జింకు, అల్యూమినియం కార్బ్యురేటర్ల లోపల తెల్లటి పొడిలా పేరుకునేది ఈ తేమ తెచ్చిన తుప్పే. వానకాలం నాలుగు నెలలు షెడ్డులో ఉంచే బండిలో ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేయడం ఉత్తమం.

మూడోది, శక్తి తక్కువ కావడం. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అందులో ఐదో వంతు కలిస్తే మొత్తం మీద 6 నుంచి 7 శాతం లోటు. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించిన కార్ల మైలేజీ గురించి నీతి ఆయోగ్ 2021 నివేదిక వేసిన అంచనా కూడా ఇదే.

కార్బ్యురేటర్‌ను సరిదిద్దడం

శుద్ధ పెట్రోలు పూర్తిగా మండటానికి ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ20కి అది సుమారు 13.5. నేటి కార్లలో ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ ఉంటుంది కాబట్టి కంప్యూటర్ తానే సర్దుకుంటుంది. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. ఫలితంగా మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే వెనకాడుతుంది. దీర్ఘకాలంలో ఎగ్జాస్ట్ వాల్వులు కాలే ప్రమాదం ఉంది.

దీనికి పరిష్కారం మెయిన్ జెట్‌ను కాస్త పెద్దది చేయడం. 8 నుంచి 9 శాతం అదనపు ఇంధనానికి రంధ్రం వ్యాసం 4 శాతం పెరిగితే చాలు, ఎందుకంటే వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పాత జెట్‌ను డ్రిల్లుతో పెద్దది చేయకుండా తర్వాతి సైజు జెట్ వేసి, కొంత దూరం నడిపి, స్పార్క్ ప్లగ్గులు విప్పి చూడాలి. తెల్లగా ఉంటే ఇంధనం ఇంకా చాలడం లేదు. లేత గోధుమ రంగు సరైనది. నల్లటి మసి ఎక్కువైందనడానికి గుర్తు. ఈ20 ఆక్టేన్ ఎక్కువే అయినా, కంప్రెషన్ నిష్పత్తి 7 దరిదాపుల్లో ఉండే ఈ ఇంజిన్‌కు దానితో ఒరిగేది లేదు.

ఎండాకాలంలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై సరఫరా ఆగిపోతుంటే ట్యాంకు దగ్గర తక్కువ పీడనపు ఎలక్ట్రిక్ పంపు సహాయపడుతుంది. కార్బ్యురేటర్‌కు 3 పీఎస్ఐ దరిదాపు పీడనం చాలు. అంతకు బాగా మించితే ఫ్లోట్ నీడిల్ ఆపలేక పెట్రోలు పొంగుతుంది. ఇంజిన్ ఆగగానే పంపూ ఆగేలా ఆయిల్ ప్రెజర్ స్విచ్ ద్వారా కలపడం తప్పనిసరి. లేకపోతే ప్రమాదం జరిగి బండి బోల్తా పడినా పంపు పెట్రోలు తోడుతూనే ఉంటుంది.

ఫ్యూయల్ ఇంజెక్షన్ అవసరమా?

కార్బ్యురేటర్ స్థానంలో ఇంజెక్షన్ అమర్చే కిట్లు ఉన్నాయి. అవి ఈ20కి తామే సర్దుకుంటాయి, చలిలోనూ, ఎత్తయిన కొండలమీదా సాఫీగా నడుస్తాయి. కానీ వాటికి 40 పీఎస్ఐకి పైబడిన పీడనం, దానికి తగిన గొట్టాలు, సాధారణంగా ట్యాంకుకు తిరుగు దారి, అన్నిటికీ మించి ఒడిదుడుకులు లేని పన్నెండు వోల్టులు కావాలి. విద్యుత్ పని ముందు చేయాలనడంలో ఆంతర్యం ఇదే. వారాంతంలో ఒకసారి బయటకు తీసే జీపుకు బాగుచేసిన కార్బ్యురేటరే చాలు. దారిలో ఆగిపోతే స్క్రూడ్రైవర్‌తో సరిచేయగల మెకానిక్ ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాడు.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు పేర్కొన్న వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయరాదు. ఇంజిన్ మార్పిడి వంటివి రవాణా శాఖ అనుమతితోనే జరగాలి. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ కింద నమోదు చేయవచ్చు. నంబరులో రాష్ట్ర సంకేతం తర్వాత 'వీఏ' అక్షరాలు ఉంటాయి. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు ఉండకూడదన్నది షరతు. ఇటువంటి వాహనాలను ప్రదర్శనలు, ర్యాలీల వంటి అవసరాలకే నడపాలి, రోజువారీ రాకపోకలకు కాదు. అందువల్ల ఆ నమోదు కోరుకునే వారు పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో విచారించాలి. తీసేసిన డైనమో, పంపు, కార్బ్యురేటర్‌ను పారేయకుండా భద్రపరచడం మంచిది.

మొత్తం మీద వరుస ఇది: మొదట గొట్టాలు, ఫ్యూజులు, ఎర్త్. తర్వాత పన్నెండు వోల్టులు, ఆల్టర్నేటర్. ఆపైన ట్యాంకు శుభ్రత, జెట్ల సవరణ. ఇంజెక్షన్ చివరిది, అదీ అవసరమైతేనే. మొదటి దశకు అయ్యే ఖర్చు అన్నిటికంటే తక్కువ. అయితే సీటు కింద ట్యాంకుతో ప్రయాణించే మనిషి ప్రాణానికి కాపలా కాసేది ఆ దశే.