56 జె షీటులో మూడు ఊళ్ళు: అపోహలు, వాస్తవాలు

భారత సర్వే సంస్థ పాత పటాల్లో ‘56 జె’ అని ఒకటుంది. 78 నుంచి 79 డిగ్రీల తూర్పు రేఖాంశం, 18 నుంచి 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం నడుమ ఉన్న నేలంతా అందులో ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ ఆ ఒక్క గడిలోనే ఉన్నాయి. ఆ గడిని పదహారు ముక్కలు చేసి పెద్దగా గీస్తే కోరుట్ల తొమ్మిదో షీటులోకి, జగిత్యాల పదమూడో షీటులోకి, సిరిసిల్ల పదిహేనో షీటులోకి వెళ్తాయి. ఆ షీట్ల మీద రెండు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు.

భూగోళం అంటే నదులు, రాజధానులు బట్టీపట్టే సబ్జెక్టు అన్న అభిప్రాయం మనకు బడిలోనే పడిపోయింది. మనుషులు ఎక్కడ కుదురుకున్నారు, ఎందుకు ఊరు విడిచారు, ఎవరితో ముడిపడి బతుకుతున్నారు అని అడిగే మానవ భూగోళం చివరి పాఠంగా మిగిలి, పరీక్షల ముందు హడావిడిగా అయిపోతుంది. ఆ పాఠం సరిగా వినకపోవడం వల్లే మన ఊళ్ళ గురించి మనమే ఎన్నో పొరపాటు మాటలు నమ్ముతున్నాం.

అపోహ: పటంలో ఉన్నదే నేల మీద ఉంటుంది

పటం ఫొటో కాదు. ఏది చూపాలో, ఏది వదలాలో గీసేవాళ్ళు నిర్ణయించుకుని గీస్తారు. సర్వే షీటులో నీళ్ళున్న చోటుకు నీలం, ఎండిపోయే వాగుకు నలుపు, అడవికి పచ్చ, సాగు నేలకు పసుపు, ఇళ్ళకు, రోడ్లకు ఎరుపు వాడతారు. వాగు ఏడాదిలో కొన్ని నెలలు పారుతుంది, కొన్ని నెలలు ఎండుతుంది. పటంలో మాత్రం దానికి ఒకే రంగు.

పటానికి ఒక తేదీ కూడా ఉంటుంది. సిరిసిల్ల, వేములవాడ వైపు పాత షీటు తీసి చూడండి. కొదురుపాక, నీలోజిపల్లి, చీర్లవంచ, చింతల్‌ఠాణా, వరదవెల్లి, సంకెపల్లి అన్నీ ఉంటాయి, ఇళ్ళ ఎర్ర చుక్కలతో, బావులతో, గుళ్ళతో, పక్క ఊరికి పోయే బండి బాటలతో సహా. ఇప్పుడు అక్కడ 25 టీఎంసీలకు పైగా నీళ్ళు పట్టే మధ్య మానేరు జలాశయం ఉంది. ఊళ్ళు కట్ట ఇవతలికి, పునరావాస కాలనీలకు వచ్చాయి. పేర్లు అవే, చోట్లు వేరు. పాత షీటు అబద్ధం చెప్పడం లేదు, గీసిన నాటి మాట చెబుతోంది. కొత్త పటంలో ఆ చోట నీలం రంగు తప్ప ఇంకేమీ ఉండదు. నీళ్ళ కింద ఊరున్న మనిషికి ఏ పటం నిజం? ఆ పాత షీటును దాచుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను. ముంపు ఊరి పిల్లలకు తాతల ఊరు ఎక్కడుండేదో వేలుపెట్టి చూపడానికి ఇప్పుడు అదొక ఆధారం.

బడి గోడ మీద వేలాడే ప్రపంచ పటం సంగతీ ఇంతే. గుండ్రని భూమిని బల్లపరుపు కాగితం మీద పరిస్తే ఎక్కడో ఒకచోట సాగక తప్పదు. 1569లో మెర్కేటర్ నావికుల కోసం చేసిన పటంలో దిక్కులు సరిగ్గా కుదిరాయి, ధ్రువాల వైపు నేలలు మాత్రం విపరీతంగా ఉబ్బాయి. అందులో గ్రీన్‌లాండ్ మన దేశం కంటే ఎంతో పెద్దగా కనిపిస్తుంది. నిజానికి భారతదేశం 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు, గ్రీన్‌లాండ్ 22 లక్షల లోపే.

అపోహ: జిల్లా గీత ఎక్కడుందో ప్రాంతం హద్దు అక్కడే

ఈ నేల మీద గీతలు ఎన్నిసార్లు మారాయో చూస్తే ఈ మాట నిలవదు. నిజాం కాలంలో ఇది ఎలగందుల జిల్లా. 1905లో కరీంనగర్ జిల్లా అయింది. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలుగా ఉండేవి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబర్ 11న జగిత్యాల ఒక జిల్లా, రాజన్న సిరిసిల్ల మరొక జిల్లా అయ్యాయి, కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. ఇన్ని మార్పుల్లోనూ మానేరు పారే దిక్కు మారలేదు, ఎవరి మేనత్త ఊరూ మారలేదు.

కథలాపూర్ మండలం రైతునే తీసుకోండి. ఆయన కలెక్టర్ జగిత్యాలలో ఉంటాడు. ఆయన ఓటు వేములవాడ అసెంబ్లీ నియోజకవర్గంలో. లోక్‌సభకు వచ్చేసరికి కరీంనగర్. పక్కనే ఉన్న కోరుట్లవాళ్ళు మాత్రం నిజామాబాద్ ఎంపీకి ఓటేస్తారు. అదే జిల్లాలోని ధర్మపురివాళ్ళది పెద్దపల్లి. ఒక్క జగిత్యాల జిల్లాలో మూడు లోక్‌సభ నియోజకవర్గాల ముక్కలున్నాయి. మరి ఆ రైతు ‘ప్రాంతం’ ఏది?

భూగోళశాస్త్రం ఇందుకు మూడు చూపులు ఇస్తుంది. ఒకటి, ఒకే లక్షణం పరుచుకున్న ప్రాంతం. జిల్లా అలాంటిదే, ఒకే పాలన కింద ఉంటుంది. మెట్‌పల్లి, కోరుట్ల వైపు పసుపు పండే పట్టీ కూడా అలాంటిదే, దానికి జిల్లా హద్దుతో పనిలేదు. రెండోది, ఒక కేంద్రం చుట్టూ అల్లుకున్న ప్రాంతం. ఏ బస్సు ఎక్కడిదాకా పోతుంది, ఏ ఊరివాళ్ళు ఏ ఆస్పత్రికి వస్తారు, కోరుట్ల కార్ఖానాల నుంచి బీడీ ఆకు ఏయే వాడలకు వెళ్తుంది అని గీస్తూ పోతే ఆ ప్రాంతం బయటపడుతుంది. మూడోది మనసులో ఉండే ప్రాంతం. జగిత్యాల జిల్లా ఏర్పడి ఇన్నేళ్ళయినా దుబాయ్ క్యాంపులో పక్క మంచం మనిషి ఏ ఊరని అడిగితే ‘మాది కరీంనగర్’ అనే జవాబు ఇప్పటికీ వినిపిస్తుంది. ‘ఉత్తర తెలంగాణ’ అన్న పేరు ఏ రెవెన్యూ రికార్డులోనూ లేదు. అయినా అదెక్కడుందో మనలో తెలియనివాళ్ళు లేరు.

అపోహ: మానేరు నీళ్ళున్నాయి, పత్తి పండుతుంది కాబట్టే సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) వచ్చాయి

పత్తి పండే చోట్లు, ఏరు పారే చోట్లు రాష్ట్రంలో చాలా ఉన్నాయి. వాటన్నిట్లో సాంచాలు ఆడటం లేదు. సిరిసిల్ల మగ్గాల మీద ఆడే దారంలో ఎక్కువ భాగం బయటినుంచి వచ్చేదే. అక్కడ ముందునుంచీ ఉన్నవి పద్మశాలీల చేతులు, వాటిలోని నేత. ఆ చేతులు భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు పోయి మరమగ్గం నేర్చుకున్నాయి. తిరిగొచ్చినవాళ్ళతో సాంచా వచ్చింది. దారం ఇచ్చే సేఠు, సాంచాలు నడిపే ఆసామి, వాటి ముందు పన్నెండేసి గంటలు నిలబడే కార్మికుడు అనే వరస స్థిరపడింది. నేల అవకాశం ఇస్తుంది. ఊరి రాత రాసేది మాత్రం మనుషులు, పెట్టుబడి, ప్రభుత్వ నిర్ణయాలు. ఆర్డర్లు లేని కాలంలో సిరిసిల్ల నేతకార్మికుల ఆత్మహత్యలతో వార్తల్లోకెక్కింది. 2017 నుంచి ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చిన నెలల్లో వాడవాడలా సాంచాల చప్పుడు వినిపించింది. రెండు కాలాల్లోనూ పారింది అదే మానేరు.

అపోహ: నీళ్ళు లేక పోయిండ్రు, నీళ్ళొస్తే తిరిగొస్తరు

‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అని మన జిల్లా బతుకును మూడు మాటల్లో చెప్పేవాళ్ళు. కరువు ఇందులో పెద్ద కారణమే, కాదనలేం. కానీ అదొక్కటే కారణమైతే శ్రీరాంసాగర్ కాలువ పారే ఊళ్ళనుంచి ఎవరూ పోకూడదు. ఆ ఊళ్ళనుంచీ పోయారు, పోతున్నారు.

1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్‌లో రోడ్లు, భవనాలు, ఓడరేవుల పని మొదలైంది. అప్పటికే బొంబాయిలో ఉన్న మనవాళ్ళకు ఏజెంట్ల తలుపులు దగ్గరయ్యాయి. ఒకడు పోయి బామ్మర్దికి వీసా పంపాడు, బామ్మర్ది చిన్నాయన కొడుకును పిలిపించుకున్నాడు. గొలుసు వలస అంటే ఇదే. అందుకే పక్కపక్క ఊళ్ళలో ఒకటి మస్కట్ ఊరు, ఒకటి దుబాయ్ ఊరు, ఇంకొకటి సౌదీ ఊరు అవుతాయి. వర్షపాతం అన్నిట్లో ఒకటే, చుట్టరికాల దారులు వేరు.

నిరుపేదలే పోతారన్నదీ సరికాదు. ఏజెంటుకు కట్టాలంటే కుదువపెట్టడానికి ఎకరమో, ఇంత బంగారమో, అప్పు పుట్టే మాటో ఉండాలి. అవేవీ లేనివాడు బస్సెక్కి భీవండికి పోతాడు, లేదంటే ఊళ్ళోనే కూలికి పోతాడు. పోయినవాళ్ళలోనూ అందరి స్థితీ ఒకటి కాదు. కంపెనీ వీసా మీద పోయినవాడికి ఒక బతుకు, పని తనే వెతుక్కోవాల్సిన ఆజాద్ వీసా కొనుక్కున్నవాడికి ఒకటి. యజమానిని విడిచి కాగితాలు లేకుండా తిరిగే ‘ఖల్లివెల్లి’ మనిషికి తండ్రి చనిపోయినా రావడానికి దారి దొరకదు. కోరుట్లలో బస్సెక్కి శంషాబాద్ చేరడానికి పట్టే గంటలకూ, అక్కడ విమానం ఎక్కి దుబాయ్‌లో దిగడానికి పట్టే గంటలకూ పెద్ద తేడా లేదు. ఖల్లివెల్లి మనిషికి మాత్రం ఆ దూరం ఏళ్ళలో ఉంటుంది. దూరాన్ని కిలోమీటర్లలో మాత్రమే కొలిచే పటం ఆ మనిషిని చూపలేదు.

ఇంకో మాట. వలస అంటే పోవడమే కాదు, రావడం కూడా. ఇప్పుడు కరీంనగర్ వైపు రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో బీహార్‌వాళ్ళు ఎంతోమంది. నాట్ల కాలంలో ఉత్తరాది ముఠాలు దిగుతున్నాయి. మన మనిషి షార్జాలో కట్టే గోడకు, మన పొలంలో వాళ్ళు వేసే నాటుకు మధ్య సంబంధం ఉంది.

అపోహ: ఆడవాళ్ళ సంఖ్య ఎక్కువుందంటే ఆడపిల్లకు విలువ ఎక్కువని అర్థం

ఈ మాట మంచి మనసుతోనే అంటారు, అందుకే ఇది ఎక్కువ బాధ పెడుతుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వెయ్యిమంది మగవాళ్ళకు 943 మంది ఆడవాళ్ళుంటే అప్పటి కరీంనగర్ జిల్లాలో 1008 మంది, పక్కనున్న నిజామాబాద్‌లో 1040 మంది ఉన్నారు. ఇప్పటి జగిత్యాల జిల్లా హద్దుల్లో లెక్కేస్తే 1036. చూడటానికి గొప్ప సంఖ్య. కానీ ఆరేళ్ళ లోపు పిల్లల్ని విడిగా చూడండి. తెలంగాణ మొత్తం మీద వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 930 చిల్లరే. పుట్టేటప్పుడు తక్కువున్నవాళ్ళు పెద్దయ్యేసరికి ఎక్కువెలా అయ్యారు? ఆడవాళ్ళ ఆయుష్షు కాస్త ఎక్కువన్నది కొంత కారణం. మిగతాది ఊళ్ళో లేని మగవాళ్ళు. గణన రోజుల్లో పూర్తిగా విదేశంలో ఉన్నవాణ్ణి ఆ ఇంటి లెక్కలో రాయరు. 1036 అన్న సంఖ్యలో మనకు కనిపిస్తున్నది ఆడపిల్ల గౌరవం కాదు, దుబాయ్ పోయిన కొడుకు ఖాళీ.

ఆ ఖాళీని నింపేది బీడీ. కోరుట్లలో ఏ వాడకు పోయినా మధ్యాహ్నం పూట అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారు. తడిపిన తునికాకును రేకు ముక్క కొలతకు కత్తెరతో కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, కొనను గోటితో మడవడం, దారం కట్టడం. మాట మాటే, చేయి చేయే. రోజుకు వెయ్యి చుట్టాలని చూస్తారు. మెడలు పట్టేస్తాయి, తంబాకు దుమ్ముకు దగ్గు వస్తుంది. దుబాయ్ పైసలు రాని నెలల్లో ఇల్లు నడిచేది ఆ చేట మీదే.

ఇప్పుడు జనగణనలో ‘పట్టణం’ అంటే ఏమిటో చూడండి. మున్సిపాలిటీ కాని ఊరిని పట్టణంగా లెక్కించాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది ఉండాలి. మగ ప్రధాన కార్మికుల్లో నూటికి 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మగ కార్మికుల్లో! ఊరు ఊరంతా ఆడవాళ్ళు బీడీలు చుట్టినా ఆ కొలతలో అది లెక్కకు రాదు. నిర్వచనంలో చేరిన ఒక్క మాట లక్షలమంది పనిని పక్కన పెట్టింది.

అపోహ: జనాభా ఆగకుండా పెరుగుతోంది

ఏ ప్రాంత జనాభా అయినా నాలుగింటి మీద మారుతుంది: పుట్టినవాళ్ళు, చనిపోయినవాళ్ళు, ఊరికి వచ్చినవాళ్ళు, ఊరు విడిచినవాళ్ళు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా 1991లో 30,37,486, 2001లో 34,91,822, 2011లో 37,76,269. మొదటి పదేళ్ళలో పెరుగుదల దాదాపు 15 శాతం, తర్వాతి పదేళ్ళలో 8.15 శాతమే. అదే కాలంలో దేశం 17 శాతానికి పైగా పెరిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. తరం తరాన్ని భర్తీ చేయాలంటే 2.1 కావాలి. సంఖ్య ఇంకా కొంత పెరుగుతోందంటే అది వెనకటి తరాలు పెద్దవి కావడం వల్ల. రేపటి చింత పిల్లలు ఎక్కువవడం గురించి కాదు. కొడుకు గల్ఫ్‌లో, కూతురు హైదరాబాద్‌లో ఉంటే ముసలివాళ్ళను ఎవరు చూస్తారన్నది. బువ్వకు జనం ఎక్కువయ్యారనే పాత మాట ఇక్కడ ఇంకా చెల్లుతుందని అనుకోవడం ఆ ముసలివాళ్ళకు అన్యాయం.

అపోహ: జనాభా లెక్క అంటే తలలు లెక్కపెట్టడమే

2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసింది. ఆ రోజు ఇంట్లో లేకపోతే పేరు పోతుందన్న భయంతో బొంబాయి, సూరత్‌లనుంచి కూడా జనం బస్సుల్లో కిక్కిరిసి వచ్చారు. సెలవులు పెట్టి, పని పోగొట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. 2011 జనగణనకు పద్ధతి వేరు. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా గణన జరిగింది. ఆ రోజుల్లో మామూలుగా ఎక్కడ ఉంటున్నాడో అక్కడే మనిషిని రాశారు. అదే మనిషి ఒక లెక్కలో సిరిసిల్లవాడు, ఇంకో లెక్కలో భీవండివాడు. రెండింట్లోనూ దొంగలెక్క లేదు, అడిగిన ప్రశ్న వేరు.

2021లో జరగాల్సిన జనగణన ఆగిపోయి, ఇప్పుడు 2027 మార్చి 1 తేదీని ప్రమాణంగా నిర్ణయించారు. గణకుడు వచ్చి ‘ఇంట్లో ఎంతమంది?’ అని అడిగితే కోరుట్లలో ఒక తల్లి ముందు ‘ఆరుగురం’ అంటుంది. ఆయన ఒక్కొక్కరి గురించి విడమరిచి అడుగుతాడు. పెద్దకొడుకు బహ్రెయిన్‌లో, చిన్నవాడు సౌదీలో. కాగితం మీద నలుగురు అవుతారు. రాత్రి ఫోను మోగినప్పుడు ఆమె మాట్లాడేది మాత్రం ఆ మిగిలిన ఇద్దరితోనే.