వీడియో మార్పిడిలో యాస్పెక్ట్ రేషియో: అపోహలు – వాస్తవాలు

వీహెచ్ఎస్ క్యాసెట్ల నుంచి డీవీడీలకు, అక్కడి నుంచి ఎంపీ4 ఫైళ్లకు ఎక్కిన పాత పెళ్లి వీడియోల్లో మనుషులు ఉన్నదానికంటే లావుగానో, సన్నగా పొడుగ్గానో కనిపించడం తరచుగా జరుగుతుంది. దీనికి కారణం టేపు పాతబడడం కాదు. దృశ్యం వెడల్పుకూ ఎత్తుకూ మధ్య ఉండే నిష్పత్తిని యాస్పెక్ట్ రేషియో అంటారు. మార్పిడి వేళ దానిని తప్పుగా లెక్కించడం వల్లనే ఈ లోపం కలుగుతుంది. ఆ తప్పుకు దారితీసే అపోహలు ముఖ్యంగా నాలుగు.

అపోహ 1: ఫైలులోని పిక్సెళ్ల సంఖ్యను బట్టే దృశ్యం ఆకారం తెలుస్తుంది.

వాస్తవం: దృశ్యాన్ని కూర్చే అతి చిన్న చుక్క అయిన పిక్సెల్, కంప్యూటర్ తెరపై చతురస్రమే అయినా, డీవీడీలో అలా ఉండదు. 1982 నాటి అంతర్జాతీయ డిజిటల్ టీవీ ప్రమాణం, భారతదేశం అనుసరించిన 625 గీతల పద్ధతికీ, అమెరికా, జపాన్‌లు అనుసరించిన 525 గీతల పద్ధతికీ గీతకు 720 నమూనాల (పిక్సెళ్ల) చొప్పున ఒకే లెక్క పెట్టింది. గీతల సంఖ్య వేరై, నమూనాల సంఖ్య ఒకటే కావడంతో రెండింటిలోనూ పిక్సెల్ చతురస్రం కాలేకపోయింది. అందువల్ల పాల్ అనే మన దేశపు 625 గీతల పద్ధతి డీవీడీలో దృశ్యం 720×576 పిక్సెళ్లుగా, అంటే 5:4 నిష్పత్తిలో నమోదైనా, తెరపై మాత్రం 4:3గా గానీ 16:9గా గానీ కనిపించాలి. ఈ రెండింటిలో ఏదో చెప్పేది ఫైలులో ఉండే ఫ్లాగ్ అనే సూచన. సాఫ్ట్‌వేర్ దానిని పట్టించుకోకపోతే 4:3 దృశ్యం కొద్దిగానూ, 16:9 దృశ్యం బాగానూ సన్నబడతాయి. చతురస్ర పిక్సెళ్లలోకి మార్చేటప్పుడు ఎత్తును 576గానే ఉంచి, వెడల్పును 4:3కు 768గా, 16:9కు 1024గా తీసుకోవడం సాధారణ లెక్క.

అపోహ 2: నల్ల పట్టీలు లోపం, దృశ్యం తెరంతా నిండాలి.

వాస్తవం: 1920×1080 తెరపై 4:3 దృశ్యం 1440 పిక్సెళ్ల వెడల్పునే ఆక్రమించి, రెండు పక్కలా 240 చొప్పున ఖాళీ వదలడం సహజం. దానిని సాగదీస్తే వెడల్పు మూడో వంతు పెరిగి, నుదుటి మీది గుండ్రని బొట్టు కోలగా మారుతుంది; పైనా కిందా కత్తిరిస్తే ఎత్తులో నాలుగో వంతు పోయి, తలంబ్రాల ఘట్టంలో వధూవరుల తలల పైకి లేచిన చేతులు దృశ్యంలోంచి తొలగిపోవచ్చు. సినిమాలకూ ఇదే వర్తిస్తుంది. 1957 నాటి ‘మాయాబజార్’ దాదాపు చదరంగా ఉండే పాత చట్రంలోనూ, 1974లో వచ్చిన తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ బాగా వెడల్పైన చట్రంలోనూ చిత్రీకరించినవి కనుక, నేటి తెరపై మొదటిదానికి పక్కల, రెండోదానికి పైనా కిందా పట్టీలు వస్తాయి. ఛాయాగ్రాహకుడు కూర్చిన చట్రం చెదరకుండా కాపాడేవి ఆ పట్టీలే. అయితే వాటిని ఫైలులో కలపనక్కరలేదు. తెరను బట్టి ప్లేయరే వాటిని చేర్చుకుంటుంది.

అపోహ 3: ప్లేయర్‌లో నిష్పత్తి మారిస్తే ఫైలు సరిపోతుంది.

వాస్తవం: వీఎల్‌సీ వంటి ప్లేయర్‌లో చేసే మార్పు ఆ ప్రదర్శనకే పరిమితం, అదే ఫైలు మరొకరి ఫోన్‌లో మునుపటిలాగే వంకరగా కనిపిస్తుంది.

అపోహ 4: ఒకసారి తప్పుగా మార్చిన వీడియో ఇక బాగుపడదు.

వాస్తవం: దృశ్యం సాగడమో నొక్కుకుపోవడమో తప్ప కత్తిరింపు జరగని పక్షంలో, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి సాధనంతో, వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా, ఫ్లాగ్‌ను మాత్రమే సరిదిద్దవచ్చు, అప్పుడు నాణ్యత ఏమీ తగ్గదు. కత్తిరించిన భాగం మాత్రం ఆ ఫైలు నుంచి తిరిగి రాదు.

ఇప్పుడు లేని పెద్దల రూపం కొన్ని కుటుంబాలకు ఈ వీడియోల్లోనే మిగిలింది కనుక, దానిని ఉన్నది ఉన్నట్టు నిలపడం బాధ్యతగల పని. మొత్తం వీడియోను మార్చడానికి ముందు ఒక నిమిషం నిడివిని మార్చి, కెమెరాకు ఎదురుగా ఉన్న గోడ గడియారం వంటి గుండ్రని వస్తువు వెడల్పునూ ఎత్తునూ తెరపై స్కేలుతో కొలవాలి. రెండూ సమానమైతేనే ముందుకు సాగాలి, పని పూర్తయ్యాక కూడా అసలు క్యాసెట్‌నూ డిస్క్‌నూ పారవేయకూడదు.