పొలిమేర దాటని దేవతలు

మంగఫ్‌లో జూన్ వచ్చిందంటే పిల్లలు నాలుగు గోడల మధ్యే. అబూ హలీఫాకీ ఫహాహీల్‌కీ నడుమ సముద్రపు ఒడ్డునే ఉన్నా, ఆ ఎండలో పగటిపూట గడప దాటే ధైర్యం ఎవరికీ ఉండదు. అలాంటి ఒక శుక్రవారం మా తొమ్మిదేళ్ళ అమ్మాయికి వైకుంఠపాళి నేర్పుదామని కూర్చున్నాను. పావుగంట ఆడి, "ఇందులో నేను చేసేదేముంది నాన్నా? అంతా గవ్వలే చేస్తున్నాయి" అంది.

నిజమే. వైకుంఠపాళిలో ఆటగాడు తీసుకునే నిర్ణయం ఒక్కటీ లేదు. కంప్యూటర్ భాషలో చెప్పాలంటే అదొక చిన్న ప్రోగ్రాము, మనిషి లేకపోయినా దానంతటదే పూర్తవుతుంది. పులిజూదం అలా కాదు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి చంపగలదు. మేకలు గుంపుకట్టి పులిని కదలకుండా చెయ్యగలవు. ఎవరి బలం వాళ్ళది, ఎవరి లోటు వాళ్ళది. ఆట పుట్టేది ఆ లోటులోంచే.

"అయితే మనమే ఒక ఆట చేద్దాం, నేను దేవతనవుతా" అంది మా అమ్మాయి.

దేవుడి పాత్ర ఆటలకి కొత్తేమీ కాదు. 1989లో పీటర్ మాలిన్యూ రూపొందించిన పాపులస్ అనే కంప్యూటర్ ఆటలో ఆటగాడు నేలని ఎత్తుపల్లాలు చేసే దేవుడు. భక్తులు పెరిగేకొద్దీ అతని శక్తీ పెరుగుతుంది. 2017లో వచ్చిన స్పిరిట్ ఐలాండ్ అనే బల్లమీది ఆటలో ఆటగాళ్ళు ఒక దీవిని కాపాడే ఆత్మలు. కానీ సర్వశక్తులూ ఉన్న దేవుడితో ఆట నడవదు. ఏదైనా చెయ్యగలిగినవాడికి ఎంచుకోవలసిన అవసరమేముంది? మాకు కావలసింది చిన్న దేవత. అలాంటివాళ్ళు మనకి ఊరూరా ఉన్నారు కదా!

గ్రామదేవతల పద్ధతి చూస్తే ఏ ప్రోగ్రామరైనా ముచ్చటపడతాడు. పోలేరమ్మ, గంగమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ... ఎవరి ఊరు వాళ్ళది, ఆ ఊరికో పొలిమేర. వాన, పంట, పశువులు, రోగాలు వాళ్ళ శాఖలు. లోకాలని సృష్టించే బాధ్యత వాళ్ళ మీద లేదు. 1916లో దక్షిణ భారత గ్రామదేవతల మీద పుస్తకం వెలువరించిన మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ కూడా ఈ సంగతి గమనించాడు. మశూచి ప్రపంచంలోంచే పోయిందని 1980లో ప్రకటించారు. అయినా పోలేరమ్మ జాతరలు ఆగలేదు. అంటే ఆ బంధం రోగంతో కాదు, ఊరితో. చాలా ఊళ్ళల్లో జాతర చాటింపు వేశాక ఊరివాళ్ళు పొలిమేర దాటి వేరేచోట నిద్రచెయ్యకూడదన్న కట్టుబాటు ఉంది. ఆ కట్టుబాటు నుంచే మా ఆటకి 'పొలిమేర' అని పేరు పెట్టాం.

పాత క్యాలెండరు వెనకవైపు నాలుగు ఊళ్ళు గీశాం. ఒక్కో దేవతకి పన్నెండు చింతపిక్కలు, అవి మనుషులు. ఐదు ఇరవై ఫిల్సుల బిళ్ళలు, అవి డబ్బు. వంతు వచ్చినప్పుడల్లా కరువు, తెగులు, గాలివాన లాంటి కష్టాల చీటీలు మూడు తియ్యాలి. నాలుగు గవ్వలు వేసి, అష్టాచెమ్మా లెక్కన ఎంత పడితే అన్ని కష్టాలు ఆపవచ్చు. పంట దక్కితే ఒక బిళ్ళ. మూడు జాతరలు ముందు చేయించుకున్న దేవతదే గెలుపు.

గవ్వ ఎటు పడే అవకాశమైనా సమానమే అనుకుంటే, 16 వేతల్లో ఆరుసార్లు రెండే పడుతుంది. చెమ్మా ఒకసారి, అష్టా ఒకసారి. అంటే ఎక్కువసార్లు కష్టాలు మూడు, వరాలు రెండు. ఏ కష్టాన్ని వదిలెయ్యాలి? గవ్వలు చెయ్యలేని పని అదే.

మొదటి పరీక్షలోనే బగ్గు బయటపడింది. జాతర చేసిన ఊరికి పక్క ఊరి జనం వచ్చి చేరతారు. వాళ్ళతో ఇంకో జాతర. రెండో జాతరకే గెలిచేదెవరో తెలిసిపోయేది. మోనోపలీకి మూలమైన లాండ్‌లార్డ్స్ గేమ్‌కి 1904లో పేటెంటు పొందిన ఎలిజబెత్ మేగీ, భూమి ఉన్నవాడి దగ్గరికే డబ్బు ఎలా చేరుతుందో చూపించడానికే ఆ ఆట చేసింది. మాకు మాత్రం అడ్డుకట్ట కావాలి. అందుకని జనం ఎక్కువున్న ఊరికి కరువు గట్టిగా తగిలేట్టు, మనుషులు వలసపోయేట్టు రూలు పెట్టాను. వలసపోయిన పిక్క డబ్బాలోకి పోతుంది, ఇక ఆటలో లేనట్టే.

నాలుగో ఆటగాడి కోసం మా బిల్డింగులోనే ఉండే రాయచోటి వైపు డ్రైవరు అన్నని పిలిచాం. తన పిక్కలు డబ్బాలో పడుతుంటే ఆయన చెయ్యి ఆపాడు. "ఊరిడిస్తే అమ్మను ఇడిసినట్టేనా సార్? ఏటేటా జాతరకు ఈడనుంచి దుడ్లు పంపేది మేమే కదా!"

నా దగ్గర జవాబు లేదు. పదకొండేళ్ళుగా మా ఊరి జాతరకి చందా పంపుతున్నవాణ్ణి, ఒక్కసారీ వెళ్ళనివాణ్ణి. నా రూలు ప్రకారం నేనూ డబ్బాలో పిక్కనే.

డబ్బా తీసేసి, పటం మూలన 'కువైట్' అని ఒక గడి గీశాం. అక్కడున్న పిక్క ప్రతి చుట్టుకీ ఒక బిళ్ళ ఊరికి పంపుతుంది. దాంతో ఆట తలకిందులయింది. మా అమ్మాయి కరువు రాకుండానే తన జనాన్నంతా కువైట్ ఎక్కించి బిళ్ళలు పోగేసింది. తీరా చూస్తే జాతరకి డబ్బుంది, ఘటం ఎత్తడానికి మనిషి లేడు. అప్పుడు ఇంకో రూలు చేర్చాం: జాతరకి పది బిళ్ళలతో పాటు ఊళ్ళో ఐదుగురు మనుషులుండాలి. ఇప్పుడు ప్రతి వంతులోనూ పంపాలా, ఉంచుకోవాలా అని ఆలోచించక తప్పదు.

"మరి వెనక్కి రావాలంటే ఎంత పడాలి నాన్నా?" అని అడిగింది మా అమ్మాయి.

లెక్క వేశాను. అష్టా పడితేనే రావాలంటే, పది వేతల్లో కనీసం ఒకసారి పడే అవకాశం నూటికి 48. చెమ్మా పడినా సరేనంటే 74. ఆట చురుగ్గా సాగాలంటే రెండోదే మేలు. డ్రైవరు అన్న మాత్రం ఒప్పుకోలేదు. "అంత సులువుగా పడితే అది కువైట్ ఎట్లయితాది సార్?" అన్నాడు.

రూళ్ళ కాగితంలో ఆ ఒక్క లైను ఇంకా ఖాళీగానే ఉంది. మీరైతే ఏం రాస్తారు?