తెరమీద ఉత్తుత్తి దమ్ము... తెరముందు అసలు దమ్ము!

2024 సంక్రాంతికి 'గుంటూరు కారం' విడుదలైనప్పుడు థియేటర్లలో ఈలలకు కొదవ లేదు. మహేష్‌బాబు పెదవుల మధ్య బీడీ, కళ్ళల్లో నిర్లక్ష్యం... కుర్రకారుకు ఇంకేం కావాలి? అయితే ఆ బీడీ వెనుక కథను హీరోగారే ఒక ఇంటర్వ్యూలో బయటపెట్టారు. మొదట మామూలు బీడీయే ఇచ్చారట. అది కాల్చేసరికి తలనొప్పి పట్టుకుందట. దాంతో యూనిట్‌వారు వెతికి వెతికి లవంగాకుతో చుట్టిన ఆయుర్వేద బీడీ తెచ్చిపెట్టారట. సినిమా పొడుగునా ఆయన కాల్చింది అదే. తాను పొగ తాగననీ, ఎవరినీ తాగమని ప్రోత్సహించననీ కూడా ఆయన చెప్పారు. అంతకు చాలాకాలం ముందే ఆయన సిగరెట్టు మానేశారు. అందుకు తోడ్పడింది అలెన్ కార్ అనే ఇంగ్లీషాయన రాసిన పుస్తకమని చెప్పి, అభిమానులకు సిఫారసు కూడా చేశారు.

సరే, హీరోగారు లవంగాకుతో గట్టెక్కారు. మరి ఇంటర్వెల్లో బయటికొచ్చి, అదే ఫోజులో మెడ వంచి, అదే చూపు చూస్తూ అగ్గిపుల్ల గీసిన మనవాడి సంగతేమిటి? వాడికి లవంగాకు బీడీ ఎవరు తెచ్చిపెడతారు?

గిరీశం గారి శిష్యులు

పొగను ఫ్యాషన్ చేసిన పాపమంతా సినిమాదే అనడం అన్యాయం. మనకు సినిమా పుట్టకముందే గిరీశం పుట్టాడు! గురజాడవారి 'కన్యాశుల్కం'లో పాఠాలు చెబుతానని చేరిన ఈ పెద్దమనిషి దగ్గర శిష్యుడు వెంకటేశం నేర్చుకున్న గట్టి విద్య చుట్ట కాల్చడం. 1955లో అది సినిమా అయినప్పుడు గిరీశం వేషం వేసింది సాక్షాత్తూ ఎన్.టి.రామారావు. ఇంగ్లీషు ముక్కలూ, కోతలూ, చుట్టా అన్నీ కలిస్తేనే గిరీశం. వాటిలో వెంకటేశానికి వెంటనే అబ్బేది చుట్ట ఒక్కటే. మిగతావాటికి కాస్త చదువు కావాలి మరి!

ఇక్కడే అసలు కిటుకు వుంది. మొదటి సిగరెట్టు ఎవరికీ బాగుండదు. ఏ పొగరాయుణ్ణయినా అడిగి చూడండి. దగ్గు, కళ్ళవెంట నీళ్ళు, తల తిరగడం, కొందరికి వాంతి. ఒళ్ళు "వద్దు బాబోయ్" అని మొత్తుకుంటుంది. అయినా రెండోది ఎందుకు వెలిగిస్తాడు? పక్కన ఫ్రెండ్స్ చూస్తున్నారు గనుక! నికోటిన్ నరాల్లో పాతుకుపోయేదాకా, ఆ కొన్ని వారాలూ, మనిషిని నడిపించేది పొగ కాదు, ఫోజు. ఆ ఫోజును సరఫరా చేసేది మాత్రం ఎక్కువగా వెండితెరే. ఈ విషయంలో సినిమావాళ్ళు తప్పించుకోలేరు.

విసిరితే నోట్లో పడాలి!

రజనీకాంత్‌ని తీసుకోండి. 1976లో బాలచందర్ 'మూండ్రు ముడిచ్చు'లో సిగరెట్టును గాల్లోకి ఎగరేసి నోటితో పట్టాడు. అదే ఏడాది తెలుగులో 'అంతులేని కథ'. ఇక చూడండి, మద్రాసు నుంచి మన వూళ్ళదాకా కుర్రాళ్ళకు అదే పని! ఎగరేయడం, కింద పడటం, దులుపుకుని మళ్ళీ ఎగరేయడం. పెదవులు కాల్చుకున్నవాళ్ళూ లేకపోలేదు. ఎగరేసే విద్య అందరికీ రాలేదు గానీ, కాల్చే విద్య మాత్రం చాలామందికి వచ్చేసింది.

2002లో 'బాబా' వచ్చినప్పుడు తమిళనాట పి.ఎం.కె. నాయకుడు రాందాస్ దీనిమీద పెద్ద గొడవే చేశారు. మీ సిగరెట్టు చూసి పిల్లలు పాడవుతున్నారన్నది ఆయన వాదన. థియేటర్ల దగ్గర రభస కూడా జరిగింది. ఆ తర్వాత రజనీ తెరమీద సిగరెట్టుకు స్వస్తి చెప్పారు. 2007లో 'శివాజీ' వచ్చింది. సిగరెట్టు లేదని స్టయిలు తగ్గిందా? కలెక్షన్లు తగ్గాయా? ఆ సినిమా ఎంత ఆడిందో మీకు నేను చెప్పక్కర్లేదు. "పాత్రకు సిగరెట్టు తప్పనిసరి" అనే దర్శకులు దీనికేం జవాబు చెబుతారో వినాలని వుంది.

అసలు జీవితంలో రజనీ లెక్కలేనన్ని సిగరెట్లు తాగినవారే. బస్ కండక్టరు రోజులనాటి అలవాటు. 2023 జనవరిలో చెన్నైలో ఒక సభలో ఆయనే ఆ సంగతి ఒప్పుకుని, తనతో మాన్పించింది భార్య లతగారేనని అందరిముందూ చెప్పారు. ఎగరేసి పట్టే సీన్లకు వేసినన్ని ఈలలు ఈ మాటకు పడలేదు.

తెరమీది సిగరెట్టు ఊరికే వస్తుందనుకుంటే పొరపాటు. 1989 నాటి జేమ్స్‌బాండ్ చిత్రం 'లైసెన్స్ టు కిల్'లో తమ 'లార్క్' సిగరెట్లు కనబడేందుకు ఫిలిప్ మోరిస్ కంపెనీ 3,50,000 డాలర్లు చెల్లించింది. లాభం లేనిదే ఏ షావుకారయినా అంత డబ్బు ధారపోస్తాడా? మన దగ్గరా కంపెనీలు కుర్రకారు నాడిని బాగానే పట్టాయి. హైదరాబాదు వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీకి తాతలనాటి చార్మినార్ వుండగానే, కాలేజీ కుర్రాళ్ళ కోసం 'చార్మ్స్' వచ్చింది. పెట్టె మీద జీన్స్ గుడ్డ డిజైను! ప్యాంటుకి, పెట్టెకి మ్యాచింగ్ అన్నమాట. క్రికెట్ సంగతి సరేసరి. 1996 ప్రపంచ కప్ పేరే 'విల్స్' కప్. ఈ ప్రకటనలకూ స్పాన్సర్‌షిప్‌లకూ అడ్డుకట్ట వేసింది 2003 నాటి పొగాకు చట్టం.

చిల్లర బేరం

ఆ చట్టంలోనే ఇంకా కొన్ని వున్నాయి. 18 ఏళ్ళలోపు వాళ్ళకు అమ్మకూడదు. విద్యాసంస్థలకు వంద గజాల లోపల అమ్మకూడదు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో కాలిస్తే జరిమానా, 200 రూపాయల దాకా. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ. 2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్లకు పూర్తి నిషేధం. అయినా 'వేప్' పేరుతో చాటుమాటుగా దొరుకుతూనే వున్నాయి లెండి.

కాగితం మీద అంతా భేషుగ్గా వుంది. ఈమధ్య ఒక కోస్తా పట్నంలో, కాలేజీ గేటు కనబడేంత దూరంలో వున్న కిళ్ళీ కొట్టు దగ్గర ఓ గంట నిలబడ్డాను. ఆ గంటలో పెట్టె కొన్నవాళ్ళు ఇద్దరే, ఇద్దరూ నడివయసు వాళ్ళు. కుర్రాళ్ళంతా ఒక్కటి, లేదా ఇద్దరికీ కలిపి ఒక్కటి. చేతిలో టీ గ్లాసు. బడ్డీకి వేలాడే తాడు కొస రాజుకుంటూనే వుంటుంది, అగ్గిపెట్టె ఖర్చు కూడా లేదు.

"ఎన్నాళ్ళ నుంచి తమ్ముడూ?" అని అడిగాను ఒకణ్ణి.

"అలవాటేం లేదన్నా. ఫ్రెండ్స్ కలిస్తేనే," అన్నాడు.

"రోజూ కలుస్తారా?"

"అంటే... కాలేజీకొస్తాం గదన్నా!"

కొట్టాయన నవ్వాడు. "వయసెవరు అడుగుతారండీ? నేనడిగితే పక్క బడ్డీకి పోతాడు," అన్నాడు నాతో.

చూశారా, ఆ 85 శాతం బొమ్మ ఎవరి కంట పడుతోంది? పెట్టె వుండేది కొట్టాయన చేతుల్లో. కుర్రాడికి అందేది తెల్లటి, శుభ్రమైన ఒక్క సిగరెట్టు. దానిమీద ఏ బొమ్మా వుండదు. విడిగా అమ్మినంతకాలం ఎంత భయంకరమైన బొమ్మ వేసినా అది చూసేది ఎక్కువగా అమ్మేవాడే. నన్నడిగితే, మిగతా నియమాలన్నిటికంటే ముందు ఈ చిల్లర బేరాన్ని ఆపాలి. పెట్టె మొత్తం కొనాలంటే చాలామంది కుర్రాళ్ళ జేబు ఒప్పుకోదు.

"ఫ్రెండ్స్ కలిస్తేనే" అన్న ఆ మాట వెనుక శాస్త్రం వేరే వుంది. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరి హాయి అనిపిస్తుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో సగానికి పడిపోతుంది. అప్పుడు మొదలవుతుంది చిరాకు. మరొకటి వెలిగిస్తే పోతుంది. "టెన్షన్ తగ్గింది గురూ" అంటాడు. తగ్గింది ఏ టెన్షన్? చాలామట్టుకు ఇందాకటి సిగరెట్టు తెచ్చిపెట్టిందే! మెదడు పాతికేళ్ళదాకా ఎదుగుతూనే వుంటుంది గనుక, కుర్రతనంలో పట్టిన ఈ అలవాటు మరీ గట్టిగా పడుతుంది. మనదేశంలో 2016-17 సర్వే ప్రకారం పొగాకు మొదలుపెట్టే సగటు వయసు 18.9 సంవత్సరాలు. 2019లో బడిపిల్లల మీద జరిపిన సర్వేలో 13-15 ఏళ్ళ వాళ్ళలో 8.5 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. సిగరెట్టు రుచి చూసినవాళ్ళలో 38 శాతం పదేళ్ళు నిండకముందే చూశారట! పదేళ్ళకు ఏం టెన్షన్లండీ?

మంచి కబురు కూడా ఒకటుంది. 15-24 ఏళ్ళవాళ్ళలో పొగాకు వాడకం 2009-10లో 18.4 శాతం వుంటే, 2016-17 నాటికి 12.4కి దిగింది. కాబట్టి "కాలేజీ కుర్రాళ్ళందరూ తాగుతారు" అన్న మాట వట్టిది. తాగనివాళ్ళే ఎక్కువ. కాకపోతే వాళ్ళు గుంపుగా నిలబడి ఫోజులివ్వరు గనుక కనబడరు.

నవ్వులపాలైన ముకేష్

2005లో కేంద్ర ప్రభుత్వం సినిమాల్లో పొగ సీన్లనే నిషేధించబోయింది. దర్శకుడు మహేష్ భట్ కోర్టుకెక్కారు. 2009 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కళాకారుడి స్వేచ్ఛ నిలిచింది, అందులో నాకు అభ్యంతరం లేదు. దాని బదులు 2012 అక్టోబరు 2 నుంచి హెచ్చరికలు గట్టిగా అమల్లోకి వచ్చాయి. సినిమా మొదట్లో, మధ్యలో 30 సెకన్ల ప్రకటనలు, సీనులో సిగరెట్టు కనబడ్డంతసేపూ కింద అక్షరాలు. 2023 సెప్టెంబరు 1 నుంచి ఓటీటీలకూ ఇవే నియమాలు.

వాటి గతి ఏమైంది? హాలంతా డైలాగులు అప్పజెప్పడం మొదలెట్టారు! 'ఈ నగరానికి ఏమైంది' అన్న ప్రకటన మాట చివరికి తరుణ్ భాస్కర్ 2018 చిత్రానికి పేరయింది. సినిమా సరదాగానే వుంది, కాదనను. ముకేష్ ప్రకటన రాగానే గొంతు మార్చి మిమిక్రీ చేయని బ్యాచ్ ఆ రోజుల్లో లేదు.

ఆ ముకేష్ నటుడు కాదు. మహారాష్ట్రలోని భుసావల్ కుర్రాడు. గుట్కా నమిలి నోటి క్యాన్సర్ తెచ్చుకున్నాడు. కెమెరా ముందు మాట్లాడిన తర్వాత, 2009లో, ముంబయి టాటా ఆసుపత్రిలో చనిపోయాడు. అప్పుడతని వయసు 24. ఆ ప్రకటన వచ్చినప్పుడు హాల్లో నవ్వినవాళ్ళలో సగం మందిది అదే వయసు. అతను పోయిన మూడేళ్ళకు మొదలైన ఆ నవ్వులు కొన్నేళ్ళు నడిచాయి.

మానాలనుకునేవాళ్ళు తెలుసుకోవలసింది ఒకటుంది. మొదటి రెండు మూడు రోజులు నరకం. తలనొప్పి, నిద్ర పట్టదు, అమ్మ మీద కూడా అరుస్తారు. తర్వాత మెల్లగా తగ్గుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామట్టుకు సర్దుకుంటుంది. ఆ రోజుల్లో కిళ్ళీ కొట్టు వైపు వెళ్ళే ఫ్రెండ్స్‌తో టీ మానుకోవడం సిగరెట్టు మానడం కంటే కష్టమని మానేసినవాళ్ళు చెబుతారు. సహాయం కావాలంటే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. 2018 సెప్టెంబరు నుంచి దాన్ని ప్రతి సిగరెట్టు పెట్టె మీదా అచ్చువేస్తున్నారు, విడిగా కొనేవాళ్ళకు కనబడని ఆ పెట్టె మీదే.