బహుమతి కూపన్: మనకు నచ్చిన వస్తువు, మన ఊరి దుకాణానికి బేరం

వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే మన వసతి గృహంలో ముందుగా లెక్కలు వేసేది బహుమతులకే. కబడ్డీ, పరుగుపందెం, వ్యాసరచన, పాటల పోటీ, పదో తరగతిలో మంచి మార్కులు – అన్నింటికీ ఏదో ఒకటి ఇవ్వాలి. స్టీలు పళ్లాలు, టిఫిను డబ్బాలు, షీల్డులు టోకున తెచ్చి, రంగు కాగితం చుట్టి పంచడం ఆనవాయితీ. ఇచ్చేవారి మనసు మంచిదే. కానీ నిఘంటువు కావలసిన తమ్ముడికి నాలుగో స్టీలు పళ్లెం ఏం పనికొస్తుంది? చప్పట్లు అయిపోయాక అది ట్రంకుపెట్టె అడుక్కి చేరుతుంది. అందుకే ఇక్కడ చదువుకొని వెళ్లిన పూర్వ విద్యార్థులమైన మేము, ఈ సంచికలో ఒక చిన్న పద్ధతిని వివరించదలచుకున్నాము. పెద్ద షాపుల్లో దాన్ని గిఫ్ట్ కార్డు అంటారు. మన మాటల్లో బహుమతి కూపన్.

అసలు కూపన్ అంటే ఏమిటి?

ముందే డబ్బు కట్టి ఉంచిన చీటీయే కూపన్. ఇది మనకు కొత్త కాదు. మెస్సుల్లో టోకెన్లు చూశాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కొంతకాలం రేషన్ సరుకులకు కూపన్లు ఇచ్చారు. అయితే రేషన్ కూపన్‌లో ఏ వస్తువు, ఎంత అనేది ముందే రాసి ఉంటుంది. బహుమతి కూపన్‌లో విలువ మాత్రమే ఉంటుంది. రెండు వందల రూపాయల కూపన్ తీసుకుని పుస్తకాల షాపుకు వెళ్లిన తమ్ముడు నిఘంటువు కొంటాడో, జామెట్రీ బాక్సు కొంటాడో, కథల పుస్తకం కొంటాడో అతని ఇష్టం.

దుకాణదారుకు రెండు లాభాలు. డబ్బు ముందే చేతికి వస్తుంది. కొత్త కొనుగోలుదారు దుకాణం మెట్లెక్కుతాడు. వచ్చినవాడు కూపన్‌కు తోడు మరో ఇరవై రూపాయలు కలిపి కొనవచ్చు, రేపు మళ్లీ రావచ్చు.

బ్రిటన్ బడిపిల్లల పుస్తక టోకెన్

ఈ పద్ధతిని పుస్తకాల కోసం వాడిన దేశం బ్రిటన్. హెరాల్డ్ రేమండ్ అనే ప్రచురణకర్త ఆలోచనతో 1932లో అక్కడ బుక్ టోకెన్లు మొదలయ్యాయి. ఒక దుకాణంలో కొన్న టోకెన్‌ను, పథకంలో చేరిన మరో దుకాణంలో ఇచ్చి నచ్చిన పుస్తకం తీసుకోవచ్చు. 1998 నుంచి అక్కడి ప్రపంచ పుస్తక దినోత్సవానికి బడిపిల్లలకు ఒక పౌండు టోకెన్ ఇస్తున్నారు. దానితో ప్రత్యేకంగా అచ్చువేసిన చిన్న పుస్తకాన్ని ఉచితంగా తెచ్చుకోవచ్చు, లేదా వేరే పుస్తకం ధరలో ఒక పౌండు తగ్గించుకోవచ్చు. పుస్తకాన్ని బడిలోనే చేతికిస్తే ఇంత శ్రమ ఉండదు కదా అనిపిస్తుంది. కానీ పిల్లవాడు స్వయంగా దుకాణానికి వెళ్లి, అరల ముందు నిలబడి, తనకు కావలసింది తానే ఎంచుకోవడం కూడా చదువులో భాగమే.

విద్యార్థులే నడిపిన కూపన్

ఇంకో అడుగు ముందుకు వేసిన బడి జర్మనీలో ఉంది. బవేరియా ప్రాంతంలో కీమ్‌జే సరస్సు ఒడ్డున ప్రీన్ అనే చిన్న పట్టణం ఉంది. 2003లో అక్కడి ఒక పాఠశాలలో అర్థశాస్త్రం చెప్పే క్రిస్టియన్ గెల్లేరి, తన విద్యార్థులతో కలిసి 'కీమ్‌గావర్' అనే కూపన్‌ను ప్రారంభించారు. కూపన్ల రూపకల్పన, అచ్చు, ప్రచారం, లెక్కలు – ఈ పనులన్నీ విద్యార్థులే పంచుకున్నారు.

అది నడిచే తీరు ఇది. ఒక కీమ్‌గావర్ విలువ ఒక యూరో. ఊరివారు వంద యూరోలు ఇచ్చి వంద కీమ్‌గావర్లు తీసుకుంటారు. పథకంలో చేరిన స్థానిక దుకాణాల్లో మాత్రమే అవి చెల్లుతాయి. దుకాణదారు వాటిని మరో స్థానిక వ్యాపారికి ఇస్తే పూర్తి విలువ ఉంటుంది. తిరిగి యూరోలుగా మార్చుకోవాలంటే మాత్రం నూటికి ఐదు తగ్గించి, తొంభై ఐదు ఇస్తారు. ఆ ఐదులో మూడు కొనుగోలుదారు ఎంచుకున్న సేవా సంస్థకు వెళ్తాయి, రెండు నిర్వహణ ఖర్చులకు. అంటే డబ్బును బయటికి పంపడం కంటే ఊళ్లోనే తిప్పడం వ్యాపారికి లాభం. తొలి రోజుల్లో మూడు నెలలకొకసారి నూటికి రెండు చొప్పున స్టాంపు కొని అంటిస్తేనే కూపన్ చెల్లేది. కాబట్టి ఎవరూ పెట్టెలో దాచుకునేవారు కాదు. బడిలో మొదలైన ఆ పని తర్వాత ఆ ప్రాంతమంతా పాకింది.

మన ఊరికి ఏం మిగులుతుంది?

ఇక్కడ ఉన్నమాట చెప్పుకోవాలి. మన పట్టణంలోని షాపువాడు కూడా నోటుబుక్కులు, బూట్లు బయటినుంచే తెప్పిస్తాడు. కూపన్ డబ్బంతా ఊళ్లోనే ఉండిపోదు. అతని లాభం, దుకాణం అద్దె, పనిచేసే కుర్రాడి జీతం – ఇంతవరకు ఇక్కడ మిగులుతాయి. ఆ కుర్రాడు పక్కనున్న టిఫిను బండి దగ్గర తింటాడు. ఆ బండివాళ్ల అబ్బాయికి చెప్పులు మళ్లీ బజారులోనే కొంటారు. బహుమతులన్నీ దూరపు టోకు దుకాణంలో కొంటే ఆ మిగిలేది కూడా మిగలదు.

చట్టం ఏమంటుంది?

ఉత్సాహంతో కీమ్‌గావర్ లాంటిది మనమూ అచ్చువేద్దామనుకోకూడదు. మన దేశంలో ముందే డబ్బు నింపిన కార్డులు, కూపన్లు 2007 నాటి చెల్లింపుల చట్టం కిందికి వస్తాయి. అనేక దుకాణాల్లో చెల్లే కూపన్ జారీ చేయాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. ఒక దుకాణం తన సరుకుకు మాత్రమే తాను ఇచ్చే కూపన్‌కు ఆ అనుమతి అక్కరలేదు. దానికి తిరిగి నగదు ఇవ్వకూడదు. కాబట్టి మనకు తగిన దారి సులువైనదే: పుస్తకాల షాపుతో, ఆటవస్తువుల షాపుతో వేర్వేరుగా మాట్లాడుకోవడం, ఎవరి కూపన్ వారిచేతే ఇప్పించడం.

హక్కు వేరు, బహుమతి వేరు

తమ్ముళ్లందరూ గుర్తుంచుకోవలసిన మాట ఒకటి ఉంది. ప్రభుత్వం ఇచ్చే కాస్మెటిక్ చార్జీలు బహుమతి కాదు, మన హక్కు. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎనిమిది నుంచి పదో తరగతి అబ్బాయిలకు నెలకు 62 రూపాయల నుంచి 200కు, అమ్మాయిలకు 75 నుంచి 275కు అవి పెరిగాయి. ఆ డబ్బుకు బదులు ఒకే దుకాణం కూపన్ ఇస్తామంటే ఒప్పుకోకూడదు. చేతిలో నగదు ఉన్నవాడు ధర నచ్చకపోతే పక్క షాపుకు వెళ్తాడు. కూపన్ ఉన్నవాడు వెళ్లలేడు. అందుకే కూపన్ బహుమతులకు, పూర్వ విద్యార్థులు ఇచ్చే కానుకలకు మాత్రమే.

రెండో మాట మరీ ముఖ్యం. కూపన్ మీద హాస్టల్ పేరు గాని, కులం పేరు గాని, పథకం పేరు గాని ఉండకూడదు. "హాస్టల్ పిల్లల కూపనా?" అని లోపలి నుంచి పాత సరుకు తీసిచ్చే దుకాణం మనకు వద్దు. కూపన్ పట్టుకుని నిలబడిన తమ్ముడు డబ్బు చెల్లించిన కొనుగోలుదారు, దానం పుచ్చుకునేవాడు కాదు.

ఎలా మొదలుపెట్టాలి?

మొదటి ఏడాది ఒక్క పుస్తకాల షాపు చాలు. ఈ నాలుగు షరతులు కాగితం మీద రాసుకోవాలి:

1. కూపన్‌కు, నగదుకు ఒకే ధర. తగ్గింపు ఉంటే ఇద్దరికీ ఉండాలి.
2. గడువు ఏడాదికి తక్కువ కాకూడదు. సెలవుల్లో ఊరికి వెళ్లిన తమ్ముడు నష్టపోకూడదు.
3. కొన్నది పోగా మిగిలిన విలువకు చీటీ రాసివ్వాలి.
4. ప్రతి కూపన్‌కు వరుస సంఖ్య, దుకాణం ముద్ర, సంతకం ఉండాలి.

లెక్కల పుస్తకం విద్యార్థుల కమిటీ చేతిలోనే ఉండాలి. ఎన్ని కూపన్లు కొన్నాము, ఎవరికి ఇచ్చాము, ఎన్ని వాడుకున్నారు అనేది నెలకొకసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. వార్డెనుగారు చూసి సంతకం చేయాలి. జమాఖర్చు రాయడం, వ్యాపారితో మాట్లాడటం, రశీదు అడిగి తీసుకోవడం – ఇవి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంత బాగా రావు.

ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో స్థిరపడిన తోటి పూర్వ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. వచ్చే వార్షికోత్సవానికి షీల్డుకు పెట్టే ఖర్చును పుస్తకాల షాపు కూపన్‌గా మార్చండి. తమ్ముళ్లకు మా మాట: వేదిక మీద అందుకున్న కూపన్‌ను దాచుకోకుండా వాడుకోండి. తలెత్తుకుని దుకాణానికి వెళ్లండి, ధర అడగండి, నచ్చకపోతే ఇంకోటి చూపించమనండి, రశీదు తీసుకోండి. మీకు కావలసింది మీరే ఎంచుకోండి.