కుండీలోని కర్పూరవల్లి

తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల మన తెలుగు ఇళ్ళలో కర్పూరవల్లి కుండీ తరచుగా కనిపిస్తుంది. కొందరు దీనినే వాము ఆకు అంటారు, తమిళులకు ఇది ఓమవల్లి. వాము గింజలిచ్చే మొక్క మాత్రం వేరు. ఈ వాసనకు కారణం తైలంలోని కార్వక్రాల్, థైమాల్. ఐరోపాలో నేలమీద పాకే థైమ్ మొక్కలోనూ ఇవే ఉంటాయి. అక్కడ దగ్గుకు థైమ్ కషాయమైతే, ఇక్కడ మన అమ్మమ్మలు పిల్లలకు పట్టింది ఈ ఆకు రసమే.

బ్యాంకు ఉద్యోగం చేసేవాణ్ణి కనుక అంకెలు చూడనిదే నాకు నమ్మకం కుదరదు. చెప్పుకోదగ్గ అంకెలు దగ్గులో కాక, మధుమేహుల కాలిపుండు విషయంలో దొరికాయి. కర్పూరవల్లి, వల్లారై (సరస్వతి ఆకు) సారాలతో తైవాన్ సంస్థ ఒక లేపనం తయారుచేసింది. 236 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 16 వారాల్లో ఈ లేపనం వాడినవారిలో 60.7 శాతం మందికి పుండు పూర్తిగా మానింది. మామూలు కట్టు కట్టినవారిలో అది 35.1 శాతమే.

అయితే అది శుద్ధిచేసిన సారం, వాడింది వైద్యుల పర్యవేక్షణలో. పచ్చి ఆకు నూరి పుండుకు పెట్టడం దానికి సమానం కాదు, చీము పట్టే ప్రమాదముంది. తిరుత్తణి కొండకు 365 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కే మధుమేహులు ఇంటికి రాగానే పాదాలు చూసుకోవాలి. చిన్న గాయమున్నా డాక్టరును కలవాలి. కర్పూరవల్లి బజ్జీలకు, కషాయానికి ఎలాగూ ఉంది.