సంఘపు ఉత్తరములకు ఒక గాదె
అవుట్‌లుక్‌లో ప్రధాన ఫైలును నిర్ణయించు విధము

సహకార సంఘమునకు మూలధనము బలమైనచో దస్త్రము జ్ఞాపకశక్తి. ఏ సభ్యునకు ఎంత అప్పు ఇయ్యబడినది, వాయిదా ఎప్పుడు, జిల్లా కేంద్ర బ్యాంకు ఏమి వ్రాసినది, ఆడిటరు దేనిని ఆక్షేపించెను అను సంగతులన్నియు దస్త్రములో నుండవలెను. పూర్వము తపాలా బంట్రోతు తెచ్చిన ప్రతి కవరును గుమాస్తా ఇన్వర్డు రిజిస్టరులో నెక్కించి, నంబరు వేసి, కట్టలో చేర్చి బీరువాలో పెట్టెడివాడు. గుమాస్తా మారినను బీరువా మారెడిది కాదు. కావలసిన కాగితము ఎక్కడ నున్నదో అధ్యక్షునకును తెలిసియుండెడిది.

నేడు కాలము మారినది. 2022 సంవత్సరము జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములకు కంప్యూటర్లు సమకూర్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. ఆ పథకములో లెక్కలకు వేఱుగా సాఫ్టువేరు కలదు. ఉత్తరముల సంగతి యట్లు కాదు. అనేక కార్యాలయములలో ఈ-మెయిలు ఉత్తరములను కంప్యూటరులోనికి దింపుకొని చదువుటకు మైక్రోసాఫ్టువారి అవుట్‌లుక్ అను కార్యక్రమమును వాడుదురు. బీరువా కంటికి కనబడును. ఈ కార్యక్రమము ఉత్తరములను దాచు చోటు కంటికి కనబడదు. అందుచేత దానిని గూర్చి సభ్యులును పాలకవర్గమువారును కొంత తెలిసికొనుట అవసరము.

అవుట్‌లుక్ తాను గ్రహించిన ఉత్తరములను, చిరునామాలను, గడువుల పట్టికను "డేటా ఫైలు" అను నొక గాదెలో పోయును. ఈ గాదెలు రెండు జాతులు. మొదటిది పి.ఎస్.టి. అనునది. పాప్ అను పద్ధతిచే వచ్చు ఉత్తరములు ఇందులో చేరును. ఇది మన కంప్యూటరులోనే యుండు అసలు ధాన్యము వంటిది. దూరపు సర్వరులో ప్రతిని కొంతకాలము నిలుపుమని ఏర్పాటు చేసికొనవచ్చును గాని, ఆ కాలము గడచిన పిదప ఈ ఫైలులో నున్నదే మనకు మిగులును. రెండవది ఓ.ఎస్.టి. అనునది. ఐమాప్ పద్ధతి ఖాతాలకును, మైక్రోసాఫ్టు 365 ఖాతాలకును ఇది ఏర్పడును. అసలు ధాన్యము సర్వరు గిడ్డంగిలో నుండగా మన యింట నుంచుకొన్న నకలు వంటిది ఇది. ఈ నకలు చెడినను సర్వరునుండి మరల దింపుకొనవచ్చును. పి.ఎస్.టి. చెడినచో, వేఱొక ప్రతి లేనియెడల, ఆ ఉత్తరములు పోయినట్లే.

ఒకే కంప్యూటరులో ఇట్టి గాదెలు రెండు మూడు ఏర్పడుట సామాన్యము. క్రొత్త కార్యదర్శి వచ్చి క్రొత్త ఖాతా చేర్చిన క్రొత్త ఫైలు పుట్టును. పాత ఉత్తరములను వేఱుచేసి దాచిన మఱియొకటి పుట్టును. అప్పుడు వీనిలో ప్రధానమైనది ఏది యను ప్రశ్న వచ్చును. ఆ ప్రధానమైన దానినే "డీఫాల్టు" ఫైలు అందురు. మన సంఘములలో డీఫాల్టరు అనగా బాకీ చెల్లింపక తప్పినవాడని అందఱెఱుగుదురు. ఇచ్చట ఆ మాటకు ఆ యర్థము లేదు. మనమేమియు ప్రత్యేకించి చెప్పనప్పుడు యంత్రము తనంతట తాను ఎంచుకొనునది యని యర్థము. ఏ గాదెలో పోయవలెనో యజమాని చెప్పకున్న పాలేరు వాడుకగా తెఱచు గాదెలోనే ధాన్యము పోయును గదా! ఇదియు నట్లే.

దీనివలన కలుగు నష్టము చిన్నది కాదు. పంటబీమా వివరములను పంపుటకు కడపటి తేదీని తెలుపు ఉత్తరము ఒక ఫైలులో పడియుండును. గుమాస్తా ప్రతి దినము తెఱచునది మఱియొకటి. గడువు గడచిపోవును. ఎవరును దొంగిలింపలేదు, ఎవరును చింపలేదు. ఉత్తరము చేరియే యున్నది. అయినను పొలమున పంట మునిగిన నాడు రైతునకు దానివలన ప్రయోజనము లేదు. గడువులను జ్ఞాపకముచేయు పట్టికయు సామాన్యముగా ప్రధాన ఫైలులోనిదే పలుకును. వేఱొక ఫైలులో వ్రాసికొన్న తేదీ మౌనముగా నుండిపోవచ్చును.

ఇక ప్రధాన ఫైలును నిర్ణయించు విధము చెప్పెదను. ఇది క్లాసిక్ అవుట్‌లుక్ అని పిలువబడు వెనుకటి రకమునకు చెందినది. న్యూ అవుట్‌లుక్ అను క్రొత్త రకములో ఏర్పాటు వేఱు.

మొదట పైవరుసలోని "ఫైల్" అను మాటను నొక్కవలెను. అందు "అకౌంట్ సెట్టింగ్స్" అనుదానిని, దాని క్రింద మరల అదే పేరుగల దానిని ఎంచవలెను. వచ్చిన పెట్టెలో "డేటా ఫైల్స్" అను పుటను తెఱువగా ఫైళ్ల జాబితా కనబడును. ఇప్పుడు ప్రధానమై యున్నదానికి ప్రక్కన ఒక గుఱుతు వేసియుండును. మనకు కావలసిన ఫైలును ఎంచి "సెట్ యాజ్ డీఫాల్ట్" అను మాటను నొక్కవలెను. ఉత్తరములు చేరు చోటు మారునని యంత్రము హెచ్చరించినచో చదివి అంగీకరింపవలెను. పిమ్మట పెట్టెను మూసి, అవుట్‌లుక్‌ను పూర్తిగా ముగించి, మరల తెఱువవలెను. అట్లు తెఱచినగాని మార్పు అమలులోనికి రాదు.

అంతటితో పని ముగిసినదని తలపరాదు. అదే పెట్టెలో "ఈ-మెయిల్" అను పుటకు పోయి సంఘపు ఖాతాను ఎంచినచో, దాని క్రొత్త ఉత్తరములు ఏ ఫైలులో చేరుచున్నవో అడుగున వ్రాసియుండును. పాప్ ఖాతా వేఱొక చోటికి పోవుచున్నచో "ఛేంజ్ ఫోల్డర్" అనుదానిచే సరిచేయవలెను. పిదప మఱియొక ఖాతానుండి సంఘమునకు ఒక ఉత్తరము పంపి, అది చేరవలసిన చోట చేరినదా యని చూడవలెను. విత్తనమును మొలకకట్టి చూడక పొలమెల్ల చల్లుదుమా?

మఱియొక సంగతి. ప్రధాన ఫైలును మార్చినంత మాత్రమున పాత ఉత్తరములు క్రొత్త ఫైలులోనికి నడచి రావు. అవి ఉన్నచోటనే యుండును. పాత ఫైలు ఎడమప్రక్క జాబితాలో కనబడుచుండగా కావలసిన వానిని మనమే క్రొత్తదానిలోనికి చేర్చుకొనవలెను. చేర్చి, చూచుకొని, ప్రతి తీసికొన్న తరువాతగాని పాత ఫైలును తొలగింపరాదు.

భద్రపఱచుటలో పాటింపదగిన నియమములు కొన్ని కలవు. గాదెకును కొలత యున్నది. అవుట్‌లుక్ 2010 మొదలు పి.ఎస్.టి. ఫైలునకు 50 జీబీ వఱకు పరిమితి ఏర్పడియున్నది. 2003, 2007 రకములలో అది 20 జీబీ. 2002 వఱకు వాడిన పాత జాతి ఫైలునకు 2 జీబీ మాత్రమే. అంచువఱకు నింపక సంవత్సరమున కొకసారి పాతవానిని వేఱుచేయుట మేలు. పి.ఎస్.టి. ఫైలును నలుగురు పంచుకొను నెట్‌వర్కు డిస్కుమీద నుంచి వాడుట మైక్రోసాఫ్టువారు సమ్మతించు పద్ధతి కాదు. అట్లు చేసిన ఫైలు చెడవచ్చును. ప్రతి తీయునప్పుడు ముందుగా అవుట్‌లుక్‌ను మూయవలెను. ఆ ప్రతిని వేఱొక డిస్కులో, వీలైన వేఱొక యింట, భద్రపఱుపవలెను. ఫైలు చెడినచో బాగుచేయుటకు స్కాన్‌పీఎస్‌టీ అను పనిముట్టు అవుట్‌లుక్‌తోనే వచ్చును. కాని అది వైద్యమే గాని ప్రాణదానము కాదు.

ఇవి గుమాస్తా చేయదగిన పనులు. పాలకవర్గము చేయదగినది వేఱొకటి కలదు. ఈ-మెయిలు ఖాతా గుమాస్తా సొంతపేర కాక సంఘము పేరనే యుండవలెను. ప్రధాన ఫైలు ఏది, ఏ ఫోల్డరులో నున్నది, దాని ప్రతి ఎవరి స్వాధీనమున నున్నది అను మూడు సంగతులను మినిట్సు పుస్తకములో వ్రాయింపవలెను. సంకేతపదమును కవరులో పెట్టి ముద్రవేసి అధ్యక్షుని వద్ద నుంచవలెను. కార్యదర్శి మారినప్పుడు ఇనుపపెట్టె తాళపుచెవులు, నగదు నిల్వ అప్పగించునట్లే ఈ ఫైలును గూడ చార్జి జాబితాలో చేర్చి, తెఱచి చూపించి అప్పగింపవలెను.

సభ్యులు మహాసభలో లాభనష్టముల లెక్క అడుగుదురు. ఇకమీదట "మన ఉత్తరములు ఏ గాదెలో పడుచున్నవి?" అని గూడ అడుగవలెను. ఆ ప్రశ్నకు కార్యదర్శియే కాక అధ్యక్షుడును వెంటనే సమాధానము చెప్పగలిగిననాడు ఆ సంఘపు దస్త్రము సంఘము చేతిలోనే యున్నదని నమ్మవచ్చును.